ఉప్పు ఎవరు చూసిండ్రు?

మా నాన్నను మేము అబ్బా అని పిలుస్తాం. మా ఇంట్లోంచి ఆ పిలుపు వినిపించినప్పుడల్లా ఎవరికో దెబ్బ తగిలిందేమో అనుకునేదాన్నని పక్కింటి బాలమణి పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ఆమె తప్పేం లేదు. ఆయన్ను పిలవాల్సి వచ్చినప్పుడల్లా మాకు కాస్త నొప్పిగానే ఉండేది.

ఆయన పేరు లతీఫుద్దీన్. కోరుట్లలో ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. తాగడు, పేకాడడు, ఒకరి జోలికి పోడు. చెయ్యెత్తి ఎవరినీ కొట్టింది లేదు. ఆయన చేసేది ఒక్కటే. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా పళ్లెం నెట్టేస్తాడు. విసిరేయడం కాదు. కుడిచేతి రెండు వేళ్లు అంచుకు ఆనించి జానెడు దూరం నెడతాడు, లేచి చెయ్యి కడుక్కుని దుకాణంలోకి పోతాడు. అంతే. ఆ పూట ఇక అమ్మీ, అంటే మా అమ్మ, తినదు. అమ్మీ తినకపోతే మాకు ముద్ద దిగదు. రెండు వేళ్లతో ఇల్లంతా పస్తు పెట్టగల మనిషి. విసిరేసే మొగుళ్లే నయం, వాళ్లను నలుగురూ తిడతారు. మా అబ్బాను ఎవరు తిట్టాలి, ఏమని తిట్టాలి?

రంజాన్ నెలలో ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. పగలంతా అందరికీ రోజా, అంటే ఉపవాసం. చుక్క నీళ్లు కూడా గొంతులో పడకూడదు కాబట్టి వండేవాళ్లకు నోరారా రుచి చూసే వీలుండదు. పొద్దుగూకి అజాన్ వినపడ్డాక అందరి ఇళ్లలో ఖర్జూరాలు, పండ్లు తిని, నమాజు చేసుకుని, ఆ తర్వాత నింపాదిగా అన్నానికి కూర్చుంటారు. మా ఇంట్లో అలా కుదరదు. అబ్బాకు షుగర్. ఖర్జూరం నోట్లో వేసుకుని మాత్ర మింగిన మరుక్షణం పళ్లెం కావాలి. అందుకని అజాన్‌కు ముందే వడ్డించి పెడతాం. మోకాళ్ల నొప్పుల వల్ల ఆయన మసీదుకు పోలేడు, తిన్నాక ఇంట్లోనే కుర్చీలో కూర్చుని నమాజు చేసుకుంటాడు.

మొదటి ముద్ద నమిలి మింగి ఒక ప్రశ్న వేస్తాడు. "ఉప్పు ఎవరు చూసిండ్రు?" కుదిరితే మెచ్చుకోలుగా అడుగుతాడు, కుదరకపోతే పళ్లెం నెడుతూ అడుగుతాడు. మాట మాత్రం అదే. "నేనే" అని అమ్మీ జవాబు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ప్రశ్నా మారలేదు, ఆ జవాబూ మారలేదు. ఇంకో సంగతి, మా ఇంట్లో ఉర్దూ, తెలుగు కలగలిపి మాట్లాడతాం కానీ అబ్బాకు కోపం తెలుగులోనే వస్తుంది. పొద్దంతా గిరాకీలతో కొట్లాడి ఆ అలవాటు పడిపోయింది. కాబట్టి ఈ కథలో ముఖ్యమైన మాటలన్నీ తెలుగులో జరిగినవే, నేను మార్చింది లేదు.

నేను కౌసర్, ఇంటికి పెద్దదాన్ని. నన్ను మెట్‌పల్లికి ఇచ్చారు. నా తర్వాత అక్బర్. జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేస్తాడు, రోజూ బస్సులో పోయి వస్తాడు. చివరివాడు సోహైల్, దోహాలో ఒక హోటల్ వంటింట్లో ఉన్నాడు. నిరుడు అక్బర్‌కు మల్యాల అమ్మాయి మెహజబీన్‌తో పెళ్లయింది. మా భాబీ సన్నగా ఉంటుంది, మెల్లగా మాట్లాడుతుంది, ఒకసారి అన్న మాట మళ్లీ అనదు. మొదట్లో ఈ పిల్ల మా అబ్బా చేతిలో నలిగిపోతుందని జాలిపడ్డాను. నా జాలి ఆమెకు అవసరం లేదని ఈ రంజాన్‌లో తెలిసింది.

నెల మొదట్లోనే ఒక సాయంత్రం భాబీ పప్పు వండింది. అబ్బా ఒక ముద్ద తిని పళ్లెం నెట్టేశాడు. అమ్మీ అలవాటు ప్రకారం తన పళ్లెం కూడా పక్కన పెట్టింది. భాబీ మాత్రం ఏడవలేదు, కొంగు నోట్లో కుక్కుకోలేదు. అబ్బా నెట్టిన పళ్లెం ముందుకు లాక్కుని ఆ అన్నం మొత్తం తనే తినేసింది. చెయ్యి కడుక్కొచ్చి, అందరూ వింటుండగానే అక్బర్‌తో అంది. "ఇంకోపారి ఈ పళ్లెం నూకితే, పండుగ తెల్లారి మనం జగిత్యాల పోదాం. శ్యాంసుందర్ సారు ఇల్లు కిరాయికి ఉన్నదని మీరే అన్నరు గద."

అక్బర్ మర్నాడే పోయి ఆ ఇల్లు చూసి వచ్చాడు. పండుగ దాకా ఆగుతానని ఇంటాయన అన్నాడట. రోజూ బస్సులో వేలాడే బాధ తప్పుతుందని వాడికి లోపల సంబరంగానే ఉండి ఉంటుంది. తమ్ముడైనా నిజం చెప్పాలి కదా.

ఈ సంగతంతా అమ్మీ నాకు ఫోన్‌లో చెప్పింది. నన్ను రమ్మంది. పిల్లలకు పరీక్షలు, వాళ్లను అత్త దగ్గర వదిలి పోవాలి. మా అత్త ముఖం ముడుచుకుంది. ఆమె ముఖం ముడుచుకోని రోజేది? నేను బస్సెక్కి వచ్చేశాను. వచ్చేసరికి అమ్మీ కళ్ల కింద నల్లగా ఉంది. అడిగితే దాచలేదు. "అది పోతే ఈ ముసలోనితోని నేనొక్కదాన్నే ఉండాలె బిడ్డా. నాతోని కాదు." మా అమ్మ సర్వర్ బీ ఈ ఇంటికొచ్చి నలభై ఏళ్లు దాటింది. నాతో కాదు అనే మాట ఆమె నోట వినడం నాకు అదే మొదటిసారి.

ఆ రోజు నుంచి అబ్బా పళ్లెం ఆయన ముందే ఉండేలా చూడటమే మా ముగ్గురు ఆడవాళ్ల పని అయిపోయింది. నిజానికి ముగ్గురం కాదు, ఇద్దరం. భాబీ తన మాట తను చెప్పేసి నిమ్మళంగా ఉంది. వండేటప్పుడు అమ్మీ ఆమె పక్కనే నిలబడి, అబ్బా ఎప్పుడూ తినే కూరలే వండించింది. పప్పు, మటన్, టమాటా చట్నీ. కొత్తగా ఏదీ వద్దంది.

కొత్తది అబ్బానే కొనితెచ్చుకున్నాడు. ఒకరోజు సహరీ వేళ, తెల్లారకముందు రోజా కోసం తింటున్నప్పుడు, సోహైల్ వీడియో కాల్ చేశాడు. వాడి వెనక పెద్ద స్టీలు వంటిల్లు, వాడి చేతిలో మూకుడు, మూకుడులో ఎర్రగా ఏవో గొట్టాలు ఎగురుతున్నాయి. అబ్బా ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. అది కేజన్ పాస్తా అని, అమెరికాలో ఒక మూల వాళ్లు తినే కారం వంట అని, తమ హోటల్లో ఎక్కువగా అడిగేది అదేనని వాడు చెప్పాడు. సెలవు మీద వచ్చిన మన పరశురాములు చేతికి ఆ మసాలా పాకెట్ ఇచ్చి పంపానని, ఇంకా విప్పలేదా అని అడిగాడు. ఫోన్ పెట్టేశాక అబ్బా అన్నాడు. "పోరడు రోజు ఏం వండుతుండో మనకు తెల్వకపాయె. శుక్రారం అది వండుండ్రి."

పళ్లెం నెట్టే మనిషి, ఇంట్లో ఎవరూ ఎన్నడూ తినని వంట అడిగాడు. అదీ రంజాన్‌లో, నింపాదిగా రుచి చూసే వీలు లేనప్పుడు. అమ్మీ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. భాబీ సరేనని తల ఊపింది.

శుక్రవారం జుమా నమాజు వేళ దాటగానే వంట మొదలైంది. ముందుగా అమ్మీ ఒక గిన్నె తెచ్చి పెట్టింది. చూస్తే నానబెట్టిన జీడిపప్పు. సోహైల్ కేజన్ అంటే ఆమెకు కాజు అని వినపడిందట. భాబీ నవ్వలేదు. పారేయడమెందుకని మిక్సీలో వేసి, మీగడ, పాలు కలిపి మెత్తగా తిప్పింది. ఆ వంట అసలు తెలిసినవాళ్లెవరైనా చూస్తే ఏమనేవాళ్లో తెలియదు కానీ తెల్లగా, చిక్కగా మంచి గ్రేవీ తయారైంది.

చికెన్‌ను సన్నగా, పొడుగ్గా కోసింది. ఉల్లిగడ్డ, క్యాప్సికం కోసింది. సెలెరీ అనే ఆకుకాడ కూడా పడాలని సోహైల్ చెప్పాడు. కోరుట్లలో ఎక్కడ దొరుకుతుంది? అక్బర్‌ను అడిగితే జగిత్యాలలో కూడా లేదన్నాడు. ఘాటు వాసన కోసమే అయితే వామాకు వేసుకోండి, ఎవరికీ తెలియదు అని సోహైల్ మెసేజ్ పెట్టాడు. బాలమణి పెద్దమ్మ ఇంట్లో కుండీ నిండా వామాకు ఉంది. గోడ మీది నుంచి అడిగితే గుప్పెడు కోసి తనే తెచ్చి ఇచ్చింది.

ఆ మసాలా పాకెట్ విప్పితే ఎర్రటి పొడి. పొగ పట్టిన మిరపకాయ వాసన, ఎల్లిగడ్డ వాసన. చాలా బాగుంది. రోజాలో ఉన్నవాళ్లకు ఎలాగూ అన్నీ బాగుంటాయి. భాబీ చికెన్‌కు ఉప్పు పట్టించి, దాని మీద ఈ పొడి నాలుగు పెద్ద చెంచాలు వేసి కలిపింది. మన ఇళ్లలో మసాలా అంటే మసాలానే. ధనియాలు, మిరియాలు, చెక్క, లవంగం. అందులో ఉప్పు ఎవరైనా కలుపుతారా? ఉప్పు వేరే డబ్బాలో ఉంటుంది, వేరే చేత్తో పడుతుంది. ఆ దేశాల్లో ఉప్పు కలిపే అమ్ముతారని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. వాడు కేజన్ ఉప్పు అని ఉంటే ఆలోచించేవాళ్లం. కేజన్ మసాలా అన్నాడు.

పాస్తా ఉడికించే నీళ్లలో ఉప్పు గట్టిగా పడాలని భాబీ వీడియోలో చూసింది. బిర్యానీ బియ్యం ఉడికించే నీళ్ల లాగానా అని అమ్మీ అడిగింది. అంతేనంది భాబీ. ఇంకేం, అమ్మీకి తెలిసిన దారిలో పడింది పని. పిడికిలి నిండా తనే వేసింది. గొట్టాలు ఉడికాక వార్చి, మూకుడులో చికెన్, కూరగాయలు, తెల్ల గ్రేవీతో కలిపేసరికి రంగు మారింది. ఎరుపూ కాదు, తెలుపూ కాదు, ఇటుక రంగు. ముగ్గురం మూకుడు చుట్టూ నిలబడ్డాం. ఉప్పు సరిపోయిందా లేదా అన్నది ఇక తేలాలి.

నేను బాలమణి పెద్దమ్మను మళ్లీ పిలిచాను. ఇంట్లో ఆ రోజు రోజా లేని ఆడమనిషి లేదు, పిల్లలు మెట్‌పల్లిలో ఉన్నారు, ఆమె అయితే వేరే మతం కదా అనుకున్నాను. గోడ దగ్గరికి వచ్చి, విషయం విని, తల అడ్డంగా ఊపింది. ఆమెకు శ్రమ దినాలు నడుస్తున్నాయి. యేసు కోసం ఈస్టర్ ముందు వాళ్లు ఉండే ఉపవాసాలు. పైగా శుక్రవారం, సాయంత్రం చర్చికి పోయి వచ్చేదాకా ఆమె కూడా ఏమీ ముట్టదు. గోడకు ఇటు రోజా, అటు ఉపవాసం. ఉపవాసం లేని నాలుక ఒక్కటి కూడా మిగల్లేదని నాకు ఒళ్లు మండింది.

అమ్మీ చెంచా తీసుకుంది. ఇది మామూలే. ప్రతి రంజాన్‌లో చూస్తూనే ఉన్నాం. గ్రేవీ చుక్క చెంచాలో తీసుకుని, నాలుక కొసకు తాకించి, వెంటనే ఉమ్మేసి, నోరు కడుక్కుని ఉప్పు సంగతి చెప్పేస్తుంది. మింగదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి అది ఎందుకో, ఎట్లానో నేను ఎన్నడూ అడగలేదు. భాబీ అడిగింది. రోజాలో ఉండి నాలుకకు ఎలా తాకిస్తున్నారని.

అమ్మీ చెప్పింది. తను కొత్త కోడలుగా వచ్చినప్పుడు తన అత్త నేర్పిందట. ఊరికే రుచి చూడటం రోజాలో మంచిది కాదు. కానీ మొగుడు బద్‌మిజాజు అయితే, అంటే ఉప్పుకూ కారానికీ ఇల్లు ఎగరగొట్టే కోపిష్టి అయితే, ఆ ఇల్లాలికి మాఫీ ఉంది. నాలుక కొసతో చూసి ఉమ్మేయవచ్చు, రోజా పోదు. మత కితాబుల్లోనే ఉన్న మాట. ఇది చెప్పి అమ్మీ చెంచా భాబీకి ఇవ్వబోయింది. వంట నీది కాబట్టి నువ్వు చూడు, నేర్చుకో అంది.

భాబీ చెయ్యి చాపలేదు. "నేను చూడ అమ్మీ. నా మొగడు ఉప్పు లేకున్నా తింటడు. నేను చూస్తే ఆయన మీద అల్లాకు ఫిర్యాదు చేసినట్టే గద. మీరు చూడుండ్రి, మీకు మాఫీ ఉన్నది."

ఆమె గొంతులో వెటకారం ఏమీ లేదు. తువాలు అందిస్తూ మాట్లాడినట్టే మాట్లాడింది. అందుకే ఆ మాట అమ్మీకి లోపలికంటా దిగింది. చెంచా పట్టుకుని అలాగే నిలబడింది. నాకు ఆమె ముఖం చూసి భయమేసింది. "అంటే నేను అచ్చిన కాన్నుంచి మీ అబ్బా మీద ఫిర్యాదు చేసుకుంటనే ఉన్ననా?" అని నన్ను అడిగింది.

చేస్తే చేశావు, మంచి పని చేశావు, ఇంకా గట్టిగా చేయాల్సింది అనాలనిపించింది. నోరు మూసుకున్నాను. రోజాలో ఉన్నాం కదా. అమ్మీ చెంచా కడిగి, తుడిచి, గూట్లో పెట్టేసింది. "ఇయ్యాల ఎవ్వలం చూడద్దు" అంది.

నేను ఆగలేకపోయాను. మతి ఉందా నీకని అడిగాను. ఆయన పళ్లెం నెడితే వీళ్లు జగిత్యాల పోతారు, పోతే నువ్వు ఒక్కదానివే అవుతావు, ఆ దిగులుతోనే కదా నన్ను పిల్లల్ని వదిలి రమ్మన్నావు అని కేకలేశాను. తెలుసని ఒక్క మాట అంది. ఆమె మనసులో ఏముందో తర్వాత ఎప్పుడో నాకు చెప్పింది. చెంచా ఎత్తిన ప్రతిసారీ నా మొగుడు చెడ్డవాడని పైకి చెప్పినట్టే అని తెలియనప్పుడు ఎత్తిందట, తెలిశాక చెయ్యి రాలేదట. సిగ్గేసింది అంది. ఆయన కోసం సిగ్గేసిందా, తన కోసమా అంటే ఆమెకే తెలియదు.

అక్బర్ జగిత్యాల బస్సు దిగి వచ్చాడు. కింద గుడ్డ పరిచి పళ్లేలు పెట్టాం. అబ్బా దుకాణం తలుపు దగ్గరికి వేసి, చేతులకు అంటిన మిషన్ నూనె కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. పళ్లెంలో గొట్టాలు చూసి ఆయన ముఖం విప్పారింది, నేను అబద్ధం చెప్పను. సోహైల్ వండేది ఇదే కదా అని భాబీని రెండుసార్లు అడిగాడు. ఫొటో తీసి వాడికి పంపమన్నాడు. ఫొటోకు పళ్లెం కాస్త ముందుకు వంచి పట్టుకున్నాడు కూడా. ఆ పళ్లెం ఆయన చేతిలో వంగడం చూసి అమ్మీ దుపట్టా కొస వేలికి చుట్టుకుంది.

అజాన్ వినపడింది. దువా చదువుకుని ఖర్జూరం, నీళ్లు, మాత్ర. తర్వాత అబ్బా చేత్తోనే గొట్టాలు నాలుగు కలిపి నోట్లో పెట్టుకున్నాడు. అదే క్షణంలో అక్బర్ కూడా పెట్టుకున్నాడు. వాడి నమలడం ఆగిపోయింది. వాడి ముఖం చూసి నేను నా పళ్లెంలోది తీసి తిన్నాను. కారం బాగుంది, పొగ వాసన బాగుంది, ఆ వెనకాల ఉప్పు. ఉప్పు ఎక్కువైంది అనే మాట దానికి చాలదు. చికెన్‌లో ఉప్పు, గొట్టాల్లో ఉప్పు, నాలుగు చెంచాల మసాలాలో ఉప్పు. నాలుక ముడుచుకుపోయింది.

అబ్బా మింగాడు. గ్లాసు నీళ్లు మొత్తం తాగాడు. రెండు వేళ్లు పళ్లెం అంచుకు చేరాయి.

"ఉప్పు ఎవరు చూసిండ్రు?"

భాబీ తల దించలేదు. అక్బర్ భాబీ వైపు చూశాడు. నేను ఇక అయిపోయిందనుకున్నాను. పండుగ తర్వాత సామాన్లు కట్టే రోజు, ఆటోలో అక్బర్ మంచం పోతుంటే అమ్మీ గుమ్మంలో నిలబడటం, అన్నీ కళ్లముందుకు వచ్చాయి. నేనే అని అమ్మీ అంటుందనే అనుకున్నాను. తప్పు తన మీద వేసుకోవడం ఆమెకు కొత్త కాదు.

"ఎవ్వలు చూడలె" అంది అమ్మీ.

ఎందుకని అబ్బా అడిగాడు. గొంతు లేచింది.

"మొగడు బద్‌మిజాజు అయితెనే ఆడిది ఉప్పు చూడాల్నని కితాబులల్ల ఉన్నది గద. ఈ ఇంట్ల గసోంటి మొగోడు ఎవ్వలు లేరని కోడలు అన్నది. అందుకే చూడలె."

భాబీ అంత మాట అనలేదు. తన మొగుడి గురించి మాత్రమే అంది. దాన్ని ఇంటి మొత్తానికీ పరిచింది మా అమ్మే. అమ్మీకి ఇన్ని తెలివితేటలున్నాయని నలభై ఏళ్లలో ఎవరూ కనిపెట్టలేకపోయాం.

కితాబు సంగతి అబ్బాకు తెలియనిది కాదు. మసీదులో ఎన్నిసార్లు విని ఉంటాడో. అది ఎవరి గురించో అనుకుని ఉంటాడు. ఇప్పుడు పళ్లెం అంచున వేళ్లు అలాగే ఉండగా ఆయన అమ్మీ వైపు చూశాడు. ఏడాదికోసారి నెల పొడుగునా ఆ ప్రశ్న అడిగి, నేనే అనే జవాబు విని, హాయిగా తిన్నాడు. ఆ నేనే అన్న మాటకు అర్థం ఏమిటో ఆయనకు అప్పుడే అందినట్టుంది. చెవుల దగ్గర ఎర్రబడింది. నెడితే కోడలి మాట అబద్ధమవుతుంది. అందరి ముందూ తన చేత్తో తనే, ఉన్నాడు, ఈ ఇంట్లో గసోంటి మొగోడు ఉన్నాడు అని చెప్పినట్టవుతుంది.

ఆయన పళ్లెం తన దగ్గరికి లాక్కున్నాడు.

తిన్నాడు. ఒక్కొక్క గొట్టం తీసి నమిలి మింగాడు. మధ్యమధ్య నీళ్లు తాగాడు. నేను జగ్గు రెండుసార్లు నింపి తెచ్చాను. షుగర్ మనిషివి, బీపీ కూడా ఉంది, ఇక చాలు, వదిలెయ్యమని అమ్మీ అంది. ఆయన వినిపించుకోలేదు. పెద్దాయన తింటుంటే మేము మానేస్తే ఏం బాగుంటుందని మేమూ తిన్నాం. అక్బర్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భాబీ మాత్రం పెరుగు గిన్నె తెచ్చి అందరి పళ్లేల్లో వేసి, అబ్బా పళ్లెంలో రెండు గంటెలు ఎక్కువ వేసింది. నాకు ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు. రెండూ ఆపుకోవడానికి ఉప్పు బాగా పనికొచ్చింది.

సగంలో సోహైల్ ఫోన్ చేశాడు. ఫొటో చూశాడట. ఎన్ని చెంచాలు వేశారని అడిగితే భాబీ నాలుగని చెప్పింది. అది అర చెంచాకు మించి వేయకూడదని, సగానికి సగం ఉప్పే ఉంటుందని, ఎవరూ తినకండని వాడు మొత్తుకున్నాడు. అబ్బా ఫోన్ తీసుకుని మంచిగ ఉన్నది అన్నాడు. వాడు మళ్లీ ఏదో చెప్పబోతే, మంచిగ ఉన్నదని చెప్తున్న గద అని కసిరి పెట్టేశాడు. కసరడంలో తేడా ఏం రాలేదు. అబ్బా మారిపోయాడని నేను చెప్పడం లేదు.

పళ్లెంలో ఒక్క గొట్టం కూడా మిగల్చకుండా ఆయన లేచాడు. చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. భాబీ పళ్లేలు ఎత్తుతూ అక్బర్ దగ్గర ఒక్క క్షణం ఆగింది. శ్యాంసుందర్ సారుకు ఫోన్ చేసి ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చుకోమని చెప్పమంది. మామూలు గొంతుతోనే చెప్పింది, పాలు తెమ్మన్నట్టు. అక్బర్ ముఖం కాస్త వాడింది, మళ్లీ బస్సే కదా. అయినా తల ఊపాడు. అమ్మీ విన్నది. వినీ విననట్టు కింద పరిచిన గుడ్డ మడత పెట్టుకుంటూ ఉంది. ఆ గుడ్డను నాలుగు మడతలు పెడితే చాలు, ఆమె ఇంకా ఇంకా మడుస్తూనే ఉంది.

అబ్బా నమాజు కుర్చీ దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని అమ్మీతో అన్నాడు, ముఖం మాత్రం నేల మీదికే ఉంది.

"రేపటి సంది ఉప్పు నువ్వు చూడు."

అమ్మీ గుడ్డ మడవడం ఆపింది. "చూడొచ్చంటవా?" అని అడిగింది.

అడిగింది ఉప్పు గురించి కాదు, ఆయన గురించి. ఆ సంగతి ఇంట్లో ఉన్న అందరికీ తెలుసు, అడిగించుకున్నవాడికి అందరికంటే బాగా తెలుసు. వంటింటి గుమ్మంలో భాబీ పళ్లేలు పట్టుకుని నిలబడిపోయింది. నేను మా అబ్బాను అలా చూడటం అదే మొదలు. పెదవులు ఉప్పుకు తెల్లగా పాలిపోయి, కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. అంత కోపం ఉన్న నాకే ఆయన మీద జాలేసింది.

"చూడొచ్చు" అన్నాడు.

అమ్మీ మడిచిన గుడ్డను గూట్లో పెట్టింది. తర్వాత "ఇగ అక్కెర లేదు తియ్యి" అంది. ఏడుస్తోందని గొంతును బట్టి తెలిసింది. అబ్బా కుర్చీలో కూర్చుని నమాజు మొదలుపెట్టాడు. ఆయన ముగించేదాకా వంటింట్లో మేమెవరం గిన్నె చప్పుడు చేయలేదు.